రేకుల ఇంటికి ఏ గట్టర్: రెడీమేడ్ ప్లాస్టిక్కా, కోసిన పైపా, జింకు దోనెనా? బిగించేదాకా ఎక్కడ దాచాలి?

మే నెలలో రెండు గాలివానలు కొట్టేసరికి రేకుల చూరు కింద నేల గాడి పడిపోతుంది, గోడ అడుగున ప్లాస్టరింగ్ తడిసి ఉబ్బుతుంది, అప్పుడు గానీ మన పక్క ఎవరికీ గట్టర్, అంటే చూరు నీళ్ళని పట్టి పక్కకి తీసుకుపోయే కాలువ, గుర్తుకు రాదు. సరే అని హార్డ్‌వేర్ షాపుకి పోతే ఆయన రెడీమేడ్ ప్లాస్టిక్ గట్టర్ చూపిస్తాడు, ప్లంబరేమో ఆరంగుళాల పైపు నిలువుగా కోసి పెడతా, తక్కువలో అయిపోతుంది అంటాడు, వెల్డింగ్ షాపతను జింకు రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకు వంచి దోనె చేసిస్తా, మళ్ళీ చూసుకునే పనే ఉండదు అంటాడు. ముగ్గురు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉంది. ఎవరింటికి ఏది పనికొస్తుంది అనేదే తేల్చుకోవాలి.

నా మాట ముందే చెప్పేస్తా. అనంతపురం, కర్నూలు, కడప ఈ మూడు పాత జిల్లాల్లో గట్టర్ ఎంచుకునేటప్పుడు వాన కంటే ముందు ఎండని లెక్కలో పెట్టుకోవాలి. వాన పడేది ఏడాదిలో కొన్ని రోజులే, మిగతా రోజులన్నీ అది ఎండలో మాడుతూనే ఉంటుంది, జాయింట్ జారినా గట్టర్ని పట్టి ఉంచే క్లాంప్ విరిగినా మధ్యలో వంగి నీళ్ళు నిలబడినా ఎక్కువసార్లు దాని వెనకాల ఉండేది ఎండే. అందుకే బిగించే ముందు ఎక్కడ పెట్టాం అనేది కూడా అంత ముఖ్యం అంటున్నా, ఆ సంగతి కింద వివరంగా రాశా.

## కొనేముందు మీ ఇంటి చుట్టూ చూసుకోవాల్సినవి

మొదటిది ఎండ. ప్లాస్టిక్ అంటే ఇక్కడ పీవీసీ, అది వేడికి బాగా సాగే సరుకు. జనవరి పొద్దున 16 డిగ్రీల దగ్గర ఉండే పైపు మే మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలితే 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ తేడాకి పదడుగుల ముక్క 8, 9 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ముప్పై అడుగుల లైను మొత్తం మీద ఇంచుమించు ఒక అంగుళం అన్నమాట. ఇనుప రేకు సాగేది ఇందులో ఐదో వంతే. ఈ అంగుళానికి చోటు ఇవ్వకుండా రెండు చివరలూ గట్టిగా బిగించేస్తే అది పోయేదానికి దారి లేక మధ్యలో విల్లులా వంగుతుంది, లేకపోతే ఏదో ఒక జాయింట్‌ని తోసేస్తుంది. వేసవి సాయంత్రం ఎండ దిగాక ప్లాస్టిక్ గట్టర్ ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని వినండి, టక్ టక్ అని శబ్దం వస్తుంది, అది చల్లబడి కుంచించుకుంటూ క్లాంపుల్లో జారే చప్పుడు. ఆ చప్పుడు వస్తే మంచిదే, కదలడానికి చోటు ఉందని అర్థం.

రెండోది ఒక్కసారిగా కొట్టే వాన. అనంతపురం పక్క ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలు కడపల్లో 650, 700 అటూ ఇటూ. దీనికి చిన్న గట్టర్ చాల్లే అనుకుంటే పొరపాటే, ఎందుకంటే మనకి వాన నెమ్మదిగా రోజంతా పడదు, సెప్టెంబర్ అక్టోబర్లలో సాయంత్రం మబ్బు పట్టి గంటలో దంచేసి పోతుంది. 2021 నవంబర్‌లో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వానలు చూశాం కదా. లెక్క చాలా సులువు, ఒక చదరపు మీటర్ కప్పు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్ నీళ్ళు. ముప్పై అడుగుల పొడుగు, పదిహేను అడుగుల వెడల్పు ఉండే ఒకవైపు వాటం రేకుల షెడ్డు 42 చదరపు మీటర్లు వస్తుంది. గంటకి 100 మిల్లీమీటర్ల లెక్కన కొడితే నిమిషానికి 70 లీటర్లు ఆ ఒక్క గట్టర్లోకి వచ్చి పడతాయి. గట్టర్ నీళ్ళని కిందికి దించే పైపు నాలుగంగుళాలది అయితే దగ్గర దగ్గర 42 చదరపు మీటర్ల కప్పుకి ఒకటి సరిపోతుంది, మూడంగుళాలది అంటే 75 మిల్లీమీటర్లది అయితే 20 చదరపు మీటర్లకే సరి, అంటే ఈ షెడ్డుకి రెండు పెట్టినా అంచుకి అంచు. చాలామంది గట్టర్ పెద్దది పెట్టి దించే పైపు మాత్రం మిగిలిపోయిన చిన్న ముక్క తగిలిస్తారు, నీళ్ళన్నీ గట్టర్ మీద నుంచి పొర్లి గోడకే కొడతాయి.

మూడోది గాలి. అనంతపురం పక్క రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలికి రేకులే లేస్తాయి, సరిగా పట్టు లేని ప్లాస్టిక్ గట్టర్ ఒక లెక్కా? ఊరి బయట, చేన్లో, గుట్ట పక్కన ఇల్లు ఉంటే దీనికి ఎక్కువ మార్కులు వేసుకోండి.

ఇంకా కోతులు. మహానంది, అహోబిలం పక్క ఊర్లవాళ్ళకి, కొండల కింద పల్లెలవాళ్ళకి ఇది చెప్పాల్సిన పని లేదు. గట్టర్ పట్టుకుని ఊగి కిందికి దూకడం వాటికి రోజూ పని.

దుమ్ము కూడా చూడండి. తాడిపత్రి, యర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల పక్కన, బేతంచెర్ల పాలిష్ బండల ఫ్యాక్టరీల పక్కన ఉండే ఇళ్ళల్లో రేకుల మీద పేరుకున్న దుమ్ము తొలకరి చినుకులకి జారి గట్టర్లో అడుగున కూర్చుని గట్టిపడుతుంది. ఇంటి మీదికి వేపచెట్టు ఉంటే ఫిబ్రవరి మార్చిలో ఆకు మొత్తం అందులోనే. చింతచెట్టు ఇంకా కష్టం, ఆ చిన్న ఆకు ఏ జాలీలో నుంచైనా దూరిపోయి పైపు మెడ దగ్గర ముద్ద కడుతుంది.

## అసలు గట్టర్ అక్కర్లేని ఇళ్ళు

స్లాబ్ ఇల్లు, చుట్టూ పిట్టగోడ ఉంటే గట్టర్ వద్దు. స్లాబ్ మీద వాటం సరిచేసి, మూలల్లో తూము పెట్టి, నాలుగంగుళాల పైపు దించితే చాలు. పాత మట్టి మిద్దెలకి కూడా ఇంతే, దోనె పాడైపోయి ఉంటే దాని స్థానంలో పైపు ముక్క గోడకి అడుగున్నర దూరం వచ్చేట్టు పెట్టించండి. గట్టర్ మీద డబ్బు పెట్టాల్సింది రేకుల ఇల్లు, పెంకుటిల్లు, కొట్టం, స్లాబ్ ఇంటి ముందు దించిన రేకుల పంచ ఉన్నవాళ్ళు.

## రెడీమేడ్ ప్లాస్టిక్ గట్టర్

అర్ధచంద్రాకారంలోనో చదరంగానో కంపెనీలో పోసి వచ్చేది ఇది, దీంతోపాటు జాయింటర్, ఎండ్ క్యాప్, నీళ్ళు దిగే ఔట్‌లెట్, మూల తిప్పే ముక్క, క్లాంపులు అన్నీ సెట్టుగా దొరుకుతాయి. దీని అసలు గొప్పతనం జాయింట్‌లో ఉంది. మంచి రకాల్లో జాయింటర్ లోపల రబ్బర్ సీల్ ఉంటుంది, గట్టర్ ముక్క అందులో ముందుకీ వెనక్కీ జారగలదు, నీళ్ళు మాత్రం కారవు. పైన చెప్పిన అంగుళం సాగుడు మొత్తాన్ని ఆ సీళ్ళు పంచుకుంటాయి. అందుకే జాయింటర్ లోపల గీత వేసి ఉంటుంది, ముక్కని ఆ గీత దాకానే తోయాలి, చివరిదాకా తోయకూడదు. మే మధ్యాహ్నం బిగిస్తుంటే ముక్క అప్పటికే సాగి ఉంటుంది కాబట్టి గీతకి ఆనించినా పర్వాలేదు, డిసెంబర్ పొద్దున బిగిస్తుంటే గీతకి కొంచెం ఇవతలే ఆపాలి. మన ప్లంబర్లు అలవాటు కొద్దీ సీల్ ఉన్న జాయింట్‌కి కూడా పైపులు అంటించే సొల్యూషన్ పూసేస్తారు. పూయనివ్వొద్దు, పూస్తే ఆ సెట్టుకి ఎక్కువ పెట్టిన డబ్బంతా వృథా, ఒక్క వేసవి చాలు అది ఎక్కడో ఒకచోట చీలడానికి.

కష్టాలు లేకపోలేదు. మూడింట్లో ఖర్చు దీనికే జాస్తి. చిన్న టౌన్లలో గట్టర్ దొరికినా మూల ముక్కో సీలో విడిగా దొరకదు, కర్నూలో అనంతపురమో పోవాల్సిందే. ఒక కంపెనీ జాయింటర్ ఇంకో కంపెనీ గట్టర్‌కి కూర్చోదు. కోతులకి అసలు ఆగదు, సన్నటి ప్లాస్టిక్ క్లాంపులు ఉన్నదైతే మరీను.

కొనేటప్పుడు షాపులో చేసి చూడాల్సిన పని ఒకటుంది. ముక్క చివర రెండు అంచుల్నీ బొటనవేలూ చూపుడువేలుతో పట్టి నొక్కండి. నొక్కితే వంగి వదలగానే వెనక్కి వచ్చేయాలి, నొక్కినచోట తెల్లటి గీత పడకూడదు. తెల్లగీత పడిందంటే అందులో సుద్దపొడి ఎక్కువ కలిపారు, లేకపోతే అది చాన్నాళ్ళు ఎండలో ఉన్న సరుకు. షాపు ముందు రోడ్డు పక్కన నిలబెట్టిన ముక్కలు తీసుకోవద్దు, లోపల గోడౌన్లో నుంచి తెప్పించుకోండి. రంగు విషయానికొస్తే తెలుపో లేత బూడిదో తీసుకోండి. ముదురు గోధుమరంగు చూడ్డానికి పెంకుటింటికి బాగుంటుంది గానీ అది ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

## నిలువుగా కోసిన పైపు

మన పల్లెల్లో ఎక్కువ కనపడేది ఇదే. 160 మిల్లీమీటర్ల పైపు ఒకటి కోస్తే రెండు గట్టర్లు, పదడుగుల పైపుకి ఇరవై అడుగుల లైను. ఎక్కడైనా దొరుకుతుంది, ఏ ప్లంబరైనా గ్రైండర్‌తో కోస్తాడు, పగిలితే ఆ ముక్క ఒక్కటి మార్చుకోవచ్చు. ఖర్చు తక్కువ.

కానీ పైపుని తయారు చేసేటప్పుడే దాని గోడలో బిగువు ఉండిపోతుంది, కోయగానే రెండు అంచులూ లోపలికి ముడుచుకుంటాయి. పైన ఆరంగుళాలు వెడల్పు ఉంటుందనుకుంటే అంత రాదు. ఎండకి ఇంకా మెత్తబడి, క్లాంపులు దూరం దూరంగా ఉంటే, అప్పడం ఎండలో వంకర పోయినట్టు ఒకచోట ముడుచుకుని ఒకచోట విచ్చుకుని ఉంటుంది. దీనికి రెండు మందులు. ఒకటి, సరిగ్గా సగానికి కోయకుండా పైన మూడో వంతు మాత్రమే పట్టీ తీసేసి, మూడింట రెండొంతులు ఉంచడం. అప్పుడు ఒక పైపుకి ఒకే గట్టర్ వస్తుంది గానీ బిగువుగా నిలబడుతుంది, రేకు అంచు ఆ చీలికలోకి దూరి కూర్చుంటుంది, గాలివానకి నీళ్ళు ఎగిరి బయట పడవు. నన్నడిగితే కోసిన పైపే పెట్టాలనుకుంటే ఇట్లనే కోయించుకోండి. రెండోది, క్లాంపులు అడుగున్నరకి ఒకటి, ఇనుప పట్టీతో చేసి, రెండు అంచుల్నీ పట్టుకునేట్టు పెట్టించుకోవడం.

పైపు కొనేటప్పుడు దానిమీద అచ్చు వేసిన గీత చదవండి. ఐఎస్ఐ గుర్తు పక్కన ఐఎస్ 13592 అని, టైప్ ఏ లేదా టైప్ బీ అని ఉంటుంది. టైప్ ఏ వాన నీళ్ళకీ గాలి గొట్టాలకీ చేసిన పలచటి పైపు, టైప్ బీ మరుగుదొడ్డి లైన్లకి చేసిన మందం పైపు. వాన నీళ్ళకి కదా అని టైప్ ఏ ఇస్తారు, దించే పైపుకి అది చాలు, అందులో తప్పేమీ లేదు. కానీ కోసి గట్టర్ చేస్తున్నప్పుడు గుండ్రం పోయి సగం బలం అక్కడే పోతుంది కాబట్టి టైప్ బీ తీసుకోండి. 110 పైపులో టైప్ ఏ మందం 2.2 మిల్లీమీటర్లు, టైప్ బీ 3.2. ఆ ఒక్క మిల్లీమీటరే మన ఎండలో తేడా చూపించేది.

జాయింట్లు ఇందులో సొల్యూషన్‌తో అంటించేవే, సాగడానికి చోటు లేదు. అందుకని ఇరవై అడుగులు దాటిన లైను కోసిన పైపుతో ఒకే ముక్కగా కలపకండి. మధ్యలో విడగొట్టి, రెండు లైన్లూ మధ్యలో ఎత్తు పెట్టి చెరోవైపు దించితే సాగుడు సమస్య సగానికి తగ్గుతుంది.

## జింకు రేకు దోనె

వెల్డింగ్ షాపులో బెండింగ్ మిషన్ మీద వంచి ఇచ్చేది. ఏ సైజు కావాలంటే ఆ సైజు, లోతు ఎక్కువ కావాలన్నా వస్తుంది. వేడికి పెద్దగా సాగదు, మెత్తబడదు, కోతి ఊగినా కొంచెం వంగుతుందే తప్ప విరగదు. తుప్పు భయం అందరికీ ఉంటుంది గానీ, సముద్రం పక్క ఊర్లకీ మనకీ చాలా తేడా ఉంది, ఉప్పు గాలి లేదు, ఏడాదిలో ఎక్కువ కాలం అది ఎండిపోయే ఉంటుంది, కాబట్టి కోస్తాలో కంటే మన దగ్గర జింకు చాలా కాలం ఆగుతుంది. తుప్పు పట్టేది మూడు చోట్ల: కోసిన అంచుల్లో, వెల్డింగ్ పెట్టిన చోట జింకు కాలిపోయి, అడుగున తడి ఆకు పేరుకున్న చోట. వెల్డింగ్ చేసిన ప్రతిచోటా జింకు ప్రైమర్ కొట్టమని అడగండి, అడగకపోతే వెండి రంగు పూసేసి ఇచ్చేస్తారు. జాయింట్లకి వెల్డింగ్ బదులు రివెట్లు కొట్టి సిలికాన్ పెడితే ఇంకా మంచిది.

దీని ఇబ్బంది బరువు. క్లాంపులు గోడకో, రేకుల కింద అడ్డంగా వచ్చే పర్లిన్‌కో గట్టిగా ఉండాలి. వానలో చప్పుడు కూడా ఎక్కువే, పడకగది కిటికీ మీద పోతుంటే రాత్రి తెలుస్తుంది. ఫ్యాక్టరీ దుమ్ము ఉండే ఊర్లలో సిమెంట్ దుమ్ము తడిసి పట్టుకుంటే జింకుని తింటుంది, అక్కడ ప్లాస్టిక్కే మేలు.

రంగు పూత రేకు దోనె, అల్యూమినియం దోనె కూడా ఉన్నాయి. మంచివే, కానీ చేసేవాళ్ళు పెద్ద టౌన్లలోనే ఉంటారు, చిన్న ఇంటికి ఆ ఖర్చు నాకు న్యాయం అనిపించదు.

| చూడాల్సింది | రెడీమేడ్ ప్లాస్టిక్ | కోసిన పైపు | జింకు దోనె |
|---|---|---|---|
| ఎండకి | సీల్ జాయింట్ అయితే బాగుంటుంది | వంకర పోతుంది, టైప్ బీ అయితే నయం | బాగుంటుంది |
| పెద్ద వానకి | కంపెనీ సైజుని బట్టి | 160 అయితే సరే | కావలసిన సైజు చేయించుకోవచ్చు |
| గాలికి | క్లాంపుల మీద ఆధారం | పట్టీ తీసి కోస్తే బాగుంటుంది | బాగా ఆగుతుంది |
| కోతులకి | ఆగదు | మందం పైపు కొంతవరకు | ఆగుతుంది |
| సిమెంట్ దుమ్ముకి | పర్వాలేదు | పర్వాలేదు | జింకు దెబ్బతింటుంది |
| విడి ముక్కలు | కష్టం | ప్రతి ఊర్లో | వెల్డింగ్ షాపులో |
| ఖర్చు | ఎక్కువ | తక్కువ | మధ్యస్తం |

## బిగించేటప్పుడు

ఏది కొన్నా గట్టర్ బతికేది వాటం మీద, పట్టు మీద. మీటర్‌కి 3 నుంచి 5 మిల్లీమీటర్లు వాటం ఇస్తే చాలు, పదడుగులకి ఒక సెంటీమీటర్ అనుకోండి. అంతకంటే ఎక్కువ ఇస్తే ఒక చివర రేకుకీ గట్టర్‌కీ మధ్య ఖాళీ ఎక్కువై నీళ్ళు గాలికి బయటికి పోతాయి. కంటి అంచనాతో పెట్టొద్దు, రేకుల చూరే చాలా ఇళ్ళల్లో సమంగా ఉండదు. బేల్దారి దగ్గర ఉండే నీళ్ళ లెవెల్ పైపు పట్టి రెండు చివరలా గుర్తు పెట్టి, నీళ్ళు దిగే వైపు గుర్తుని కావలసినంత కిందికి దించి, ఆ రెండు చోట్ల ముందు క్లాంపులు బిగించి మధ్యలో దారం లాగితే మిగతా క్లాంపులన్నీ ఆ దారానికి తాకేట్టు పెట్టుకుంటూ పోవచ్చు. ప్లాస్టిక్‌కి క్లాంపులు మామూలుగా రెండడుగులకి ఒకటి అంటారు, మన వేడికి అడుగున్నరకి ఒకటి పెట్టండి, క్లాంపుల దగ్గర పొదుపు చేయొద్దు.

రేకు అంచు గట్టర్ లోపలికి రెండు అంగుళాలు రావాలి. తక్కువైతే సన్నటి వానలో నీళ్ళు రేకు అడుగు నుంచి వెనక్కి పాకి గోడకి పోతాయి, మరీ ఎక్కువైతే పెద్ద వానలో గట్టర్ దాటి దూకేస్తాయి. గట్టర్ బయటి అంచు రేకు వాటం గీత కంటే కొంచెం కిందికే ఉండాలి.

క్లాంపుని రేకుకి మాత్రం తగిలించకండి. రేకుకి బొక్క కొట్టి నట్టు బోల్టు పెట్టడం సులువే గానీ గాలికి ఊగి ఊగి ఆ బొక్క పెద్దదవుతుంది, రెండేళ్ళకి ఇల్లు కారుతుంది. పర్లిన్ అందితే పర్లిన్‌కి, అందకపోతే ఆ పర్లిన్లని మోసే ట్రస్‌కి ఇనుప పట్టీ వెల్డింగ్ పెట్టించి దానికి. గోడకి పెట్టాలంటే ఇటుక సిమెంట్ గోడ అయితే ప్లగ్గు కొట్టి స్క్రూ బిగించొచ్చు, పాత రాయి మట్టి గోడకి ప్లగ్గు పట్టదు, పొడుగు చెక్క ఒకటి నాలుగైదు చోట్ల లోతు బోల్టులతో బిగించి ఆ చెక్కకి క్లాంపులు కొట్టాలి. సిమెంట్ రేకుల్ని పొడిగా ఉన్నప్పుడు కోయడం, బొక్కలు కొట్టడం చేయొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. ఆ రేకుల నీళ్ళు మొక్కలకీ కడగడానికీ వాడుకోండి, తాగడానికి వద్దు.

మొత్తం లైనులో నీళ్ళు దిగే ఔట్‌లెట్ ఒక్కటే కదలకుండా బిగించాలి, మిగతాదంతా జారేట్టు ఉండాలి. అయిపోయాక ఎత్తు చివర బకెట్ నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు పోయాక అడుగున ఎక్కడైనా అరచేయంత మడుగు మిగిలితే ఆ క్లాంపు పైకి జరపండి, అక్కడే దుమ్ము కూర్చుంటుంది.

## కొన్నాక, బిగించకముందు: ఎక్కడ దాచాలి

ఇల్లు కట్టేవాళ్ళు మార్చిలో మిగతా సామాన్లతో పాటు గట్టర్ కూడా కొనేసి జూన్ దాకా ఉంచుతారు. ఈ మూడు నెలల్లోనే సరుకు సగం పాడవుతుంది. ఎక్కడ పెట్టొచ్చో వరసగా చూద్దాం.

మిద్దె మీద ఎండలో పెట్టడం అన్నిటికంటే చెడ్డది. ఒకవైపే ఎండ తగిలి అటువైపు సాగి ముక్క అరటికాయ వంపు తిరుగుతుంది, ఆ వంపు చల్లబడ్డాక కూడా పూర్తిగా పోదు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపొర సుద్దలా అయిపోతుంది, చేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది, అట్లాంటి ముక్క క్లాంపులో నొక్కితే చీలిపోతుంది.

గోడకి నిలబెడితే చోటు కలిసొస్తుంది, నీడలో అయితే వారం పది రోజులకి పర్వాలేదు. నెలలు పెడితే నడుము వంగుతుంది.

టార్పాలిన్ కప్పడం మంచిదే అనుకుంటారు. నల్లది నేరుగా కప్పితే లోపల బయటికంటే వేడి, మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నట్టు అయిపోతాయి. కప్పాల్సి వస్తే లేత రంగుది, మధ్యలో కర్రలు పెట్టి గాలి ఆడేట్టు, రెండు చివరలూ తెరిచి కప్పండి. ఇదే కారణంతో మూసేసిన రేకుల గదిలో పైకప్పు దగ్గర కూడా పెట్టొద్దు, మేలో అక్కడ వేడి ఎంత ఉంటుందో లోపలికి పోయినవాళ్ళకి తెలుసు.

మంచి చోటు ఏదంటే స్లాబ్ ఇంట్లో నేల, పంచ, చెట్టు నీడన కొట్టం. నేల చదునుగా ఉండాలి, మూడడుగులకి ఒక చెక్క అడ్డం పెట్టి వాటిమీద పడుకోబెట్టాలి. గట్టర్లు ఒకదాంట్లో ఒకటి పేర్చొచ్చు, పైపులైతే సాకెట్ చివరలు, అంటే ఇంకో పైపు దూరే లావు చివరలు, ఒకటి అటు ఒకటి ఇటు వచ్చేట్టు మార్చి పెట్టండి, లేకపోతే పైవాటి బరువంతా సాకెట్ల మీదే పడి గుండ్రం పోతుంది. నాలుగైదు వరసలు చాలు. వాటిమీద శెనక్కాయ మూటలు, సిమెంట్ బస్తాలు వేయొద్దు. నేల మీద చోటు లేకపోతే దూలాలకి మూడు నాలుగు చోట్ల వెడల్పు నవారు ఉయ్యాలలు కట్టి అందులో పెట్టొచ్చు, సన్నటి తాడు మాత్రం వద్దు, తాడు పట్టిన చోట నొక్కు పడుతుంది. గడ్డివామి పక్కన, పొయ్యి పక్కన వద్దని చెప్పనక్కర్లేదు.

రబ్బర్ సీళ్ళు, స్క్రూలు, ఎండ్ క్యాపులు మూత ఉన్న డబ్బాలో వేసి ఇంట్లో అల్మారాలో పెట్టండి. ఎలుకలు కొరుకుతాయి, ఎండకి రబ్బర్ పగుళ్ళిస్తుంది, గ్రీజు తగిలితే ఉబ్బుతుంది. సొల్యూషన్ డబ్బా మూత గట్టిగా బిగించి చల్లటి చోట, నిప్పుకి దూరంగా, పిల్లలకి అందకుండా ఉంచాలి. తెరిచినప్పుడు తేనె కంటే చిక్కగా, ముద్దలుగా ఉంటే అది పారేసి కొత్తది కొనండి.

జింకు దోనెకి భయం ఎండ కాదు, తడి. ఒకదానిమీద ఒకటి పేర్చినవాటి మధ్య వాన నీళ్ళు చేరి ఆరకపోతే తెల్లటి బూజులాంటి తుప్పు పడుతుంది. ఒక చివర కొంచెం ఎత్తు పెట్టి ఉంచండి, నీళ్ళు చేరినా జారిపోతాయి. చౌడు నేల మీద నేరుగా పెట్టొద్దు.

కొంతమంది అడుగుతారు, వానలు డిసెంబర్‌కి అయిపోతాయి కదా, గట్టర్ విప్పేసి మే దాకా లోపల పెట్టుకుంటే ఎక్కువ కాలం వస్తుందా అని. వస్తుంది, నిజమే. కానీ క్లాంపుల్లో నుంచి తీసి పెట్టి చేస్తుంటే ఆ క్లాంపు నాలుకలే ముందు విరుగుతాయి. పదిహేను ఇరవై అడుగుల చిన్న లైను, చేతికందే ఎత్తు, లేదా కోతుల ఊరు అయితే విప్పుకోవచ్చు. పెద్ద లైను అయితే అట్లనే వదిలేసి, నీళ్ళతో కలిపే బయటి గోడల తెల్ల పెయింట్ రెండు కోట్లు కొట్టించండి, ముందు గరుకు కాగితంతో కొంచెం రుద్ది తుడిచాక. ఎండ ఆ పెయింట్‌ని తింటుంది, లోపల ప్లాస్టిక్ మిగులుతుంది.

## ఎవరికి ఏది

సొంత ఇల్లు, ముందు రేకుల పంచ, నీళ్ళు సంపులోకి పట్టుకోవాలనుకునేవాళ్ళు రెడీమేడ్ సీల్ జాయింట్‌ది పెట్టుకోండి. పైన లెక్కేసిన ఆ 42 చదరపు మీటర్ల కప్పు అనంతపురం వానకి కూడా ఏడాదికి 18,000 లీటర్ల దాకా ఇస్తుంది, కారిపోయేవీ ఆవిరయ్యేవీ తీసేశాకే ఈ లెక్క. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధుల్లో అది చిన్న సంగతి కాదు. దించే పైపుకి అడుగున మూడు దారుల టీ ముక్క పెట్టి, తొలకరి వాన నీళ్ళు బయటికి వదిలేసేట్టు మూత ఒకటి పెట్టించుకోండి.

పశువుల కొట్టం, శెనక్కాయల షెడ్డు లాంటివాటికి కోసిన పైపు చాలు. పశువులు కట్టేసే గాటిపాడు పక్కన బురద కాకుండా ఉంటే అదే పెద్ద లాభం. టైప్ బీ 160, పైపట్టీ తీసి కోసినది, అడుగున్నరకి ఇనుప క్లాంపు. ఆవులు ఒళ్ళు రుద్దుకునే ఎత్తులో దించే పైపు ఉంటే దానికి నాలుగడుగుల దాకా ఇనుప పైపు వాడండి.

కొండ కింద ఊర్లు, చేన్లో ఒంటరి ఇల్లు, ఇంటి పొడుగు నలభై అడుగులు దాటినవాళ్ళు జింకు దోనె. సిమెంట్ ఫ్యాక్టరీ పక్కనా ఉండి కోతులూ ఉంటే మాత్రం జింకు దోనెకే లోపల తారు పెయింట్ కొట్టించి, నెలకోసారి తుడుచుకోవాలి, వేరే దారి లేదు.

అద్దె ఇంట్లో ఉండి తలుపు మీద నీళ్ళు పడుతున్నాయని బాధపడేవాళ్ళు తలుపు మీద వరకే పదడుగుల రెడీమేడ్ ముక్క ఒకటి, రెండు ఎండ్ క్యాపులు, ఒక ఔట్‌లెట్ పెట్టుకుని ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవచ్చు.

రెడీమేడ్ కొనేవాళ్ళు జాయింటర్లు రెండు, సీళ్ళు నాలుగు, క్లాంపులు నాలుగైదు అదనంగా అప్పుడే తీసుకోండి. గట్టర్ కోసినప్పుడు మిగిలే జానెడు ముక్క ఒకటి, బిల్లు, ఈ అదనపు సామాన్లు అన్నీ ఆ సీళ్ళ డబ్బాలోనే వేసి పెట్టండి. నాలుగేళ్ళ తర్వాత ఒక జాయింట్ పోతే షాపులో ఆ ముక్క చూపిస్తే అదే సైజు ఇస్తారు, మాటల్లో చెప్తే ఇవ్వలేరు.